డ్రాగ్ రేసింగ్ మోడల్ కార్లకు విడిగా కొనే డీటెయిల్ పార్ట్స్: తరచుగా అడిగే ప్రశ్నలు

విజయవాడ, గుంటూరుల్లో స్కేల్ మోడల్ కార్లు కట్టేవారు, ముఖ్యంగా డ్రాగ్ రేసింగ్ (తిన్నని చిన్న దారిలో జరిగే వేగ పందెం) కార్ల మీద కొత్తగా మోజు పెంచుకున్నవారు అడిగే సందేహాలు దాదాపు ఒకటే కావడంతో వాటికి జవాబులను ఒకచోట చేర్చాము. పని జరిగే క్రమంలో ప్రశ్నలను విడగొట్టినప్పటికీ ఏ జవాబుకు ఆ జవాబే పూర్తిగా ఉంటుంది కనుక మీకు కావలసిన చోటు నుంచి చదువుకోవచ్చు.

## కొనే ముందు

కిట్‌లో అన్నీ వస్తాయి కదా, మళ్లీ విడిగా పార్ట్స్ ఎందుకు కొనాలి?

మామూలు కారు మోడల్‌లో బానెట్ మూసేస్తే ఇంజిన్ కనిపించదు. డ్రాగ్‌స్టర్‌లో, అంటే ఈ పందేలకే కట్టిన పొడవాటి కారులో, ఇంజిన్ బట్టబయలుగా ఉంటుంది, చూసేవారి కన్ను మొదట అక్కడికే పోతుంది. కిట్ పార్ట్స్ ఉక్కు అచ్చుల్లో ప్లాస్టిక్ పోసి తీసినవి కాబట్టి ఎగ్జాస్ట్ పైపు బోలుగా రాదు, సీటు బెల్టు బకిల్ పలచగా రాదు, ప్లగ్ వైర్లు, ఇంధన గొట్టాలు చాలా కిట్లలో అసలే ఉండవు. ఈ లోటు తీర్చేవే విడి పార్ట్స్. వీటితో కిట్‌లో ఉన్న ప్రతి పార్టునూ మార్చవలసిన అవసరం మాత్రం లేదు.

బడ్జెట్ తక్కువ. ముందుగా ఏది కొనమంటారు?

ముందుగా కొనవలసింది ఏమీ లేదు, ఒక ఫోటో సంపాదించాలి. ఫలానా కారు, ఫలానా సంవత్సరం అని తేల్చుకోకుండా పార్ట్స్ కొంటే 1960ల చాసిస్ (కారు అడుగు ఫ్రేము) మీద 1980ల ఇంజెక్టర్ (ఇంజిన్‌లోకి గాలి, ఇంధనం పంపే భాగం) వచ్చి కూర్చుంటుంది. అమెరికా డ్రాగ్ రేసర్ డాన్ గార్లిట్స్ సంగతే చూడండి. 1970 మార్చిలో కాలిఫోర్నియాలోని లయన్స్ డ్రాగ్ స్ట్రిప్‌లో ట్రాన్స్‌మిషన్ పేలి ఆయన కుడి పాదంలో కొంత భాగం పోయింది. 1971లో ఆయన ఇంజిన్‌ను డ్రైవరు వెనక్కి మార్చిన కారుతో తిరిగి వచ్చి గెలిచాక, డ్రాగ్‌స్టర్ల తరగతి అంతా కొద్ది ఏళ్లలోనే అదే దారి పట్టింది. ఒక్క ఏడాది తేడాతో కారు రూపమే మారిపోయింది కనుక పార్ట్స్ కూడా ఆ ఏటికి తగ్గట్టుగానే ఉండాలి.

ఫోటో కుదిరాక మా సలహా ఇది. మొదటి డబ్బు మాగ్నెటో (ప్లగ్గులకు కరెంటు పంపే భాగం), ప్లగ్ వైర్ల మీద పెట్టండి, ఎందుకంటే తక్కువ ఖర్చుతో ఎక్కువ మార్పు కనిపించేది అక్కడే. తరువాత వెనక టైర్లు, ఆపైన ఇంజెక్టర్. మెషిన్ మీద తీసిన అల్యూమినియం పుల్లీలు చూడ ముచ్చటగా ఉంటాయి కానీ అవి ఆఖరున కొనవలసిన వస్తువులు.

నా కిట్ 1/25, నచ్చిన పార్ట్ 1/24. సరిపోతుందా?

1/25 అంటే అసలు కారులో ఇరవై ఐదో వంతు, 1/24 అంటే ఇరవై నాలుగో వంతు. తేడా సుమారు 4 శాతం. అసలు కారులో 30 అంగుళాల పొడవుండే ఇంజిన్ 1/24లో 31.8 మిల్లీమీటర్లు, 1/25లో 30.5 మిల్లీమీటర్లు వస్తుంది. ఒక్క మిల్లీమీటరు పైచిలుకు తేడాను కన్ను పట్టదు, చాసిస్ పట్టుకుంటుంది. కాబట్టి మాగ్నెటో, ఇంధన ట్యాంకు, స్టీరింగ్, సీటు వంటి విడి వస్తువులను ధైర్యంగా వాడవచ్చు. ఫ్రేము గొట్టాల మధ్య ఇమడవలసిన ఇంజిన్ బ్లాకు, రిమ్ములో దిగవలసిన టైరు, కిట్ హెడ్ల మీద కూర్చోవలసిన వాల్వ్ కవర్లు మాత్రం అదే స్కేలువై ఉండాలి. అమెరికా కంపెనీలైన ఏఎంటీ, ఎంపీసీల కార్లు ఎక్కువగా 1/25, జపాను కంపెనీల కార్లు ఎక్కువగా 1/24 అని గుర్తుంటే సగం గందరగోళం తప్పుతుంది.

కొలతకు సులువైన గుర్తు ఒకటి ఉంది. నేటి టాప్ ఫ్యూయల్ (అన్నిటికన్నా వేగమైన తరగతి) డ్రాగ్‌స్టర్ ముందు, వెనక చక్రాల మధ్య దూరం 300 అంగుళాలు. 1/25లో అది సరిగ్గా మన అడుగు స్కేలంత.

రెజిన్, ఫోటో ఎచ్, అల్యూమినియం, 3డి ప్రింట్... ఏది దేనికి?

గుండ్రంగా లావుగా ఉండే బ్లోయర్ (ఇంజిన్‌లోకి గాలిని తోసే యంత్రం), ఇంజెక్టర్, సీటు వంటివాటికి పోత రెజిన్ (అచ్చులో పోస్తే గట్టిపడే ద్రవ ప్లాస్టిక్) లేదా 3డి ప్రింట్ మంచిది. పలచని రేకులా ఉండవలసిన బకిళ్లు, పెడళ్లు, బాడీ రేకులను బిగించే ఫాస్టెనర్లకు ఫోటో ఎచ్‌ను (రసాయనంతో ఆకారాలు తొలిచిన పలచని లోహపు రేకును) మించింది లేదు. లేత్ మీద తిరిగే ఆకారాలకు, అంటే పుల్లీలు, వెలాసిటీ స్టాక్‌లు (గాలి లోపలికి వెళ్లే బూరల్లాంటి నోళ్లు), గుండ్రటి మూన్ ఇంధన ట్యాంకు వంటివాటికి అల్యూమినియం బాగుంటుంది, ఆ మెరుపు రంగుతో రాదు. 3డి ప్రింట్‌లో వివరాలు చాలా సన్నగా వస్తాయి కానీ పెళుసుతనం ఎక్కువ, సన్నని కడ్డీ చేతిలోనే పుటుక్కున విరుగుతుంది.

ఏ కంపెనీవి వెతకాలి?

వైర్లు, ఫోటో ఎచ్‌లకు డీటెయిల్ మాస్టర్, మోడల్ కార్ గరాజ్ పేర్లు పాతవి. అల్యూమినియం మాగ్నెటోలకు పార్ట్స్ బై పార్క్స్, డ్రాగ్ కార్ల డెకల్స్‌కు (నీటిలో నానబెట్టి అతికించే బొమ్మలు, రాతలకు) స్లిక్స్ పేరు వినిపిస్తాయి. ఈ రంగంలో చాలావరకు ఇద్దరు ముగ్గురు నడిపే చిన్న వ్యాపారాలే కనుక ఒక పార్టు అయిపోతే మళ్లీ వస్తుందన్న భరోసా ఉండదు. మీ కారుకు తప్పనిసరి అనుకున్నది స్టాకులో కనిపించినప్పుడే తీసుకోవడం మంచిది.

## ఆర్డరు, పార్సిల్

అమెరికా నుంచి తెప్పిస్తే కస్టమ్స్ ఎంత పడుతుంది?

స్కేల్ మోడళ్లు కస్టమ్స్ పట్టికలో బొమ్మలతో కలిసి 9503 శీర్షిక కింద ఉన్నాయి. బొమ్మల మీద ప్రాథమిక సుంకాన్ని 2020 బడ్జెట్‌లో 20 నుంచి 60 శాతానికి, 2023 బడ్జెట్‌లో 70 శాతానికి పెంచారు. రేట్లు బడ్జెట్ బడ్జెట్‌కూ మారగలవు కనుక ఆర్డరు పెట్టే నాటి రేటు చూసుకోవాలి. చాలామంది మరిచిపోయే సంగతి ఏమిటంటే, సుంకం వస్తువు ధర మీదే కాక రవాణా ఖర్చు కలిపిన మొత్తం మీద పడుతుంది, దానిపైన జీఎస్టీ, కొరియర్ వారి సర్వీసు చార్జీ ఉంటాయి. అందుకే పది డాలర్ల ప్యాకెట్లు నాలుగుసార్లు తెప్పించడం కన్నా నలుగురు మిత్రులు కలిసి ఒకే పార్సిల్ తెప్పించుకోవడం లాభం. కొరియర్ వారు ఆధార్ లేదా పాన్ వంటి గుర్తింపు పత్రం అడుగుతారు, అది ఆలస్యమైతే పార్సిల్ అక్కడే ఆగుతుంది. ధర తగ్గించి రాయమనో, గిఫ్ట్ అని రాయమనో అమ్మకందారును అడగవద్దు; పట్టుబడితే పార్సిలూ పోతుంది, జరిమానా కూడా పడుతుంది.

పెయింటు, జిగురు కూడా అదే పార్సిల్‌లో వేయించుకోవచ్చా?

వద్దు. స్ప్రే డబ్బాలు, మండే స్వభావమున్న రంగులు, థిన్నర్లు విమాన రవాణాలో ప్రమాదకర వస్తువుల కిందకు వస్తాయి. వాటిని దేశంలోనే, రోడ్డు మార్గంలో పంపే అమ్మకందారుల దగ్గర కొనండి.

ఇక్కడే దొరికే వస్తువులతో ఏమైనా సరిపెట్టుకోవచ్చా?

చాలా వాటిని సరిపెట్టుకోవచ్చు, కొన్ని దిగుమతి సరుకు కన్నా మెరుగు కూడా. మోటారు రీవైండింగ్ షాపులో దొరికే ఎనామెల్ రాగి తీగ 30 గేజీ అడగండి. అది 0.315 మిల్లీమీటర్లు ఉంటుంది, అంటే అసలు కారులోని 8 మిల్లీమీటర్ల ప్లగ్ వైరుకు 1/25లో దాదాపు సరైన కొలత. షాపులో తూకానికి అమ్ముతారు, ముక్క తెగిన చిన్న చుట్ట చాలు, అది పదుల మోడళ్లకు వస్తుంది. విజయవాడ వన్ టౌన్‌లోను, గుంటూరు పాత బజార్లలోను నగల పనివారి సామాన్లు అమ్మే అంగళ్లలో మొన సన్నని పట్కార్లు, చేతితో తిప్పే డ్రిల్లు, సన్న ఆకురాళ్లు అడిగితే హాబీ బ్రాండ్ల కన్నా చవకగా, గట్టివి దొరుకుతాయి. మాత్రల స్ట్రిప్ వెనక ఉండే అల్యూమినియం రేకు సీటు బెల్టులకు పనికివస్తుంది. డెకల్స్ నానబెట్టడానికి కుళాయి, బోరు నీటి బదులు బ్యాటరీ వాటర్ వాడండి, ఉప్పు మరకలు పడవు.

సరిపెట్టుకోకూడనివి రెండు: టైర్లు, డెకల్స్. వాటికి దొంగదారి లేదు.

## పార్టు చేతికొచ్చాక

రెజిన్ పార్టు మీద వేసిన పెయింటు పెచ్చులుగా ఊడిపోతోంది. ఎందుకు?

అచ్చు నుంచి పార్టు సులువుగా రావడానికి వాడే జిడ్డు ఇంకా దాని మీద ఉంది. గోరువెచ్చని నీటిలో గిన్నెలు కడిగే లిక్విడ్ వేసి, పాత టూత్ బ్రష్‌తో మూలమూలలా రుద్ది, కడిగి ఆరబెట్టాలి. తరువాత 600 నంబరు వాటర్ పేపర్‌తో తేలికగా గరుకు చేసి ప్రైమర్ వేయాలి. థిన్నర్‌లో నానబెట్టవద్దు, కొన్ని రెజిన్లు మెత్తబడతాయి. రెజిన్‌ను ఎప్పుడూ తడిపి అరగదీయాలి. పొడిగా గీస్తే లేచే మెత్తని ధూళి ఊపిరితిత్తులకు మంచిది కాదు, కాబట్టి మాస్కు తప్పనిసరి.

పార్టు వంకరగా వచ్చింది. వాపసు పంపాలా?

అక్కర లేదు. పోత రెజిన్ వేడికి మెత్తబడుతుంది. వేడి నీటిలో అర నిమిషం ఉంచి, చదునైన గాజు పలక మీద నొక్కి, అలాగే చన్నీటిలో చల్లార్చితే ఆకారం నిలుస్తుంది. మరుగుతున్న నీటితో మొదలుపెట్టక, కొద్దికొద్దిగా వేడి పెంచుకుంటూ పోవాలి. 3డి ప్రింట్ పార్టులు ఈ పద్ధతికి అంతగా లొంగవు, సన్నవైతే విరుగుతాయి.

కిట్ జిగురు రెజిన్‌కు, మెటల్‌కు అంటడం లేదు.

కిట్ జిగురు పాలిస్టిరీన్ ప్లాస్టిక్‌ను కరిగించి అతికిస్తుంది. రెజిన్, లోహం అందులో కరగవు. వీటికి ఫెవిక్విక్ వంటి సూపర్ గ్లూ, బరువు మోయవలసిన చోట ఎరాల్డైట్ వాడాలి. సూపర్ గ్లూ ఆవిరికి క్రోమ్, గాజు పార్టుల మీద తెల్లటి పొగ పడుతుంది కనుక అక్కడ ఎరాల్డైటే వాడండి. బరువైన పార్టుకు జిగురు ఒక్కటే చాలదు, గుండుసూది ముక్కను మేకులా దించి అతికించాలి.

ఫోటో ఎచ్ కోస్తుంటే ఎగిరిపోతోంది, వంచుతుంటే విరుగుతోంది.

రబ్బరు మ్యాట్ మీద కోస్తే రేకు కిందికి కుంగి, తెగిన క్షణాన పైకి ఎగురుతుంది. గట్టి పింగాణి టైలు మీద పెట్టి, బ్లేడును నిట్టనిలువుగా నొక్కాలి. ఒక చేతి వేలితో పార్టును అదిమి పట్టడం మరవద్దు. వంచవలసినది ఇత్తడి అయితే కోయకముందే ఫ్రేముతో సహా పట్కారుతో పట్టుకుని గ్యాస్ మంటకు రెండు మూడు సెకన్లు చూపించి తీయండి. రంగు మారగానే తీసేస్తే చాలు, మెత్తబడి విరగకుండా వంగుతుంది. స్టీలు రేకు అలా మెత్తబడదు, దానిని రెండు స్టీలు స్కేళ్ల మధ్య బిగించి ఒక్కసారిగా వంచాలి.

కిట్ క్రోమ్ బొమ్మలా మెరుస్తోంది. తీసేయవచ్చా?

తీసేయడమే మంచిది. బట్టల బ్లీచ్ ద్రవంలో ముంచితే క్రోమ్ పూత పోతుంది, కొన్నిటికి నిమిషాలు, కొన్నిటికి గంటలు పడుతుంది. గాలి ఆడే చోట, చేతి తొడుగులతో చేయండి. బాత్‌రూమ్ యాసిడ్‌ను దానితో ఎప్పుడూ కలపకూడదు, విష వాయువు వస్తుంది.

## ఇంజిన్

ప్లగ్ వైర్లు ఎంత లావుండాలి?

అసలు వైర్లు 7 నుంచి 8 మిల్లీమీటర్లు ఉంటాయి. 1/25లో అది 0.28 నుంచి 0.32 మిల్లీమీటర్లు. మార్కెట్‌లో వైర్ సెట్లు చాలావరకు 0.4 నుంచి 0.5 మిల్లీమీటర్లవి, కాబట్టి ఇంజిన్ చుట్టూ బోరు పైపులు చుట్టినట్టు కనిపిస్తాయి. కొలత సరిగ్గా రావాలనుకునేవారు సన్న తీగ తీసుకుని ఎరుపో పసుపో పూసుకోవాలి. లావు వైరుతో ఒక సుఖం ఉంది, అది వంచినచోట అలాగే నిలుస్తుంది. మొదటి మోడల్‌కు దానితో తప్పేమీ లేదు.

ఏ వైరు ఏ సిలిండర్‌కు వెళ్లాలి? ఎవరు చూస్తారు?

చూసేవారు చూస్తారు. క్రైస్లర్ హెమీ ఇంజిన్ ఫైరింగ్ ఆర్డర్ (సిలిండర్లలో ఇంధనం మండే వరుస) 1-8-4-3-6-5-7-2. షెవర్లే స్మాల్ బ్లాక్‌దీ అదే. ఈ రెండిటిలో బేసి నంబరు సిలిండర్లు ఎడమ వరుసలో, సరి నంబర్లవి కుడి వరుసలో ఉంటాయి. ఫోర్డ్ 289, 302 ఇంజిన్ల లెక్క వేరు: ఆర్డర్ 1-5-4-2-6-3-7-8, కుడి వరుసలో 1 నుంచి 4, ఎడమ వరుసలో 5 నుంచి 8. ఇక్కడ ఎడమ, కుడి అంటే కారులో కూర్చుని ముందుకు చూసినప్పటివి. అమెరికా కార్లలో స్టీరింగ్ ఎడమ వైపు కనుక మన కార్లకు అలవాటుపడినవారు పాత ఫోటోల్లో డ్రైవరు పక్క అన్న మాటను కుడి అని పొరబడతారు.

హెమీలో ప్లగ్గులు హెడ్ మధ్యన ఉంటాయి కాబట్టి వైర్లు వాల్వ్ కవర్‌కు నడుమ వరుసగా ఉన్న నాలుగు రంధ్రాల్లోకి దిగుతాయి. ముందుగా గుండుసూది మొనతో గుర్తు కొట్టి, 0.4 మిల్లీమీటర్ల డ్రిల్లును చేతితో తిప్పుతూ రంధ్రం వేయండి. సర్క్యూట్ బోర్డుల కార్బైడ్ డ్రిల్లులు పదునైనవే కానీ కాస్త పక్కకు ఒరిగినా విరుగుతాయి. వైరు కొసన దాని కన్నా కొంచెం లావైన తొడుగును రెండు మిల్లీమీటర్లు కోసి ఎక్కిస్తే ప్లగ్ టోపీ అవుతుంది. ఈ టోపీలు లేకుంటే తీగలు ఎంత వరుసలో ఉన్నా వెలితిగానే కనిపిస్తాయి.

బ్లోయర్ మీద ఏ ఇంజెక్టర్ పెట్టాలి?

కారు ఏటిని బట్టి. 6-71 బ్లోయర్ జీఎంసీ డీజిల్ ఇంజిన్ నుంచి వచ్చింది, 71 ఘనపు అంగుళాల సిలిండర్లు ఆరు అని దాని పేరుకు అర్థం. 1960ల తొలి కార్ల ఫోటోల్లో దాని మీద నాలుగు గుండ్రటి నోళ్ల హిల్‌బార్న్ ఇంజెక్టర్ తరచుగా కనిపిస్తుంది, తరువాతి కాలంలో ముందుకు నోరు తెరిచినట్టుండే ఎండర్లీ బగ్ క్యాచర్ ఎక్కువ. నోటిలోని సీతాకోక వాల్వులు తెరిచి ఉన్నాయా, మూసి ఉన్నాయా అన్నది కూడా చూడండి: నిలిపి ఉంచిన కారులో అవి మూసి ఉండాలి.

ఎగ్జాస్ట్ పైపులకు విడి సెట్ కొనాలా?

కిట్ పైపుల నోళ్లు తొలుచుకోగలిగితే అక్కర లేదు. 2.25 అంగుళాల అసలు పైపు 1/25లో 2.3 మిల్లీమీటర్లు, అంచు కాగితమంత పలచగా ఉండాలి. బ్లేడు మొనను నోట్లో తిప్పుతూ తొలిస్తే చాలావరకు వస్తుంది. నేల వైపు దిగే పైపులా, పైకి లేచే జూమీలా అన్నది ఫోటో చూసి తేల్చుకోండి.

## టైర్లు, కాక్‌పిట్, పారాచూట్

కొన్ని నెలలకే టైరు రిమ్మును కరిగించేసింది!

వినైల్ టైరును మెత్తగా ఉంచే ద్రవం బయటికి ఊరి పాలిస్టిరీన్ ప్లాస్టిక్‌లోకి ఇంకుతుంది, దానితో రిమ్ము మెత్తబడి టైరు కరుచుకుంటుంది. మన రోహిణి కార్తె ఎండలకు ఈ ప్రక్రియ ఇంకా త్వరగా జరుగుతుంది. రిమ్ము అంచు మీద బేర్ మెటల్ ఫాయిల్‌ను (మోడళ్లకు అంటించే పలచని లోహపు రేకును) గానీ, ప్లంబర్లు వాడే తెల్లని టెఫ్లాన్ టేపును గానీ ఒక చుట్టు చుట్టి ఆపైన టైరు ఎక్కించండి. అల్యూమినియం రిమ్ములో, రెజిన్ టైర్లో వాడితే ఈ బెడదే ఉండదు. వదులుగా ఉన్న టైర్లను బాడీ, డెకల్స్‌తో కలిపి పెట్టెలో వేయకండి.

వెనక టైరు కొలత సరైనదో కాదో ఎలా తెలుస్తుంది?

నేటి టాప్ ఫ్యూయల్ వెనక టైరు 36 అంగుళాల ఎత్తు, 17.5 అంగుళాల వెడల్పు. 1/25లో అది 36.6, 17.8 మిల్లీమీటర్లు. 1960ల టైర్లు దీనికన్నా బాగా సన్నవి. కొలత సరిపోయాక, టైరు నేలకు తగిలే భాగాన్ని వాటర్ పేపర్‌తో రుద్ది మెరుపు తీసేయండి, పక్క గోడలను ముట్టుకోవద్దు.

సీటు బెల్టులు ఎలా?

అసలు భుజం బెల్టు 3 అంగుళాలు, 1/25లో 3 మిల్లీమీటర్లు. బకిళ్లు ఫోటో ఎచ్‌వి కొని, పట్టీని సన్న రిబ్బనుతోనో మాత్రల స్ట్రిప్ రేకుతోనో కోసుకోండి. రేకు వంచినచోట అలాగే పడి ఉంటుంది, కాబట్టి ఖాళీ సీటులో విప్పి వదిలేసిన బెల్టులా సహజంగా కనిపిస్తుంది.

పారాచూట్ ఒకటా, రెండా?

ఎన్‌హెచ్‌ఆర్‌ఏ (అమెరికా డ్రాగ్ రేసింగ్ సంఘం) నిబంధనల్లో గంటకు 150 మైళ్లు దాటే కార్లకు పారాచూట్ తప్పనిసరి. నేటి టాప్ ఫ్యూయల్, ఫన్నీ కార్లకు (మామూలు కారు ఆకారపు తొడుగున్న డ్రాగ్ కార్లకు) రెండుంటాయి, పాత డ్రాగ్‌స్టర్లలో చాలావాటికి ఒకటే. ప్యాకెట్ నుంచి కాక్‌పిట్ వరకు లాగే కేబులు పెట్టడం మరవకండి, అది కిట్లలో తరచుగా ఉండదు.

## రంగు, డెకల్స్

పాత డెకల్స్ పసుపెక్కాయి.

జిప్ కవర్లో పెట్టి, ముఖం బయటికి ఉండేలా ఎండ పడే కిటికీకి అంటించండి. మన ఎండకు కొద్ది రోజుల్లోనే పసుపు విరుగుతుంది. రోజూ చూసుకోండి, అతి అయితే రంగులు కూడా వెలుస్తాయి. నీటిలో వేసే ముందు అంచున ఒక పనికిరాని చిన్న గుర్తును పరీక్షించి, అది ముక్కలైతే మొత్తం షీటు మీద పలచగా క్లియర్ (రంగులేని పారదర్శక పూత) కొట్టి ఆరాకే వాడాలి.

ఆటోనగర్‌లో కార్లకు కొట్టే క్లియర్ మోడల్‌కు వాడవచ్చా?

రెండు డబ్బాలు కలిపి కొట్టే టూకే క్లియర్ మెరుపు గొప్పగానే ఉంటుంది, కానీ దాని హార్డెనర్‌లో ఐసోసయనేట్లు ఉంటాయి. దానికి మామూలు గుడ్డ మాస్కు ఏమాత్రం చాలదు. సరైన రెస్పిరేటర్, గాలి వెళ్లే ఏర్పాటు లేని ఇంట్లో వద్దు. ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) రంగుల్లో కలిపే థిన్నర్ పాలిస్టిరీన్‌ను తినేస్తుంది, కాబట్టి ఆ రంగులు వాడేవారు ముందు ప్రైమర్ పొర బాగా వేసి, రంగును పలచని పొరలుగా కొట్టాలి. డెకల్స్ మీద మొదటి రెండు పొరలూ దూరం నుంచి, దాదాపు పొడిగా పడాలి. తడిగా పడితే డెకల్ ముడుచుకుంటుంది.

వానాకాలంలో లాకర్ (థిన్నర్ ఆవిరై ఆరే రంగు) తెల్లగా పాలిపోతోంది.

థిన్నర్ ఆవిరయ్యేటప్పుడు ఉపరితలం చల్లబడి గాలిలోని తేమ దాని మీద పేరుకుంటుంది. వాన వెలిసిన వెంటనే, సాయంత్రం పూట కొట్టవద్దు. నెమ్మదిగా ఆరే థిన్నర్ కలిపితే కొంత తగ్గుతుంది. ఇప్పటికే తెల్లబడి ఉంటే, పొడి వాతావరణమున్న రోజు అదే థిన్నర్‌ను ఒట్టిగా పలచగా చల్లితే చాలాసార్లు మెరుపు తిరిగి వస్తుంది.

పూర్తయిన మోడల్‌ను ఎక్కడ ఉంచాలి?

రేకుల కప్పు కింది గదిలో, అటక మీద, ఎండలో ఆపిన కారు డిక్కీలో మాత్రం వద్దు. వేసవిలో ఆ చోట్ల సన్నని రెజిన్, 3డి ప్రింట్ పార్టులు తమ బరువుకే వంగుతాయి. పొడవాటి డ్రాగ్‌స్టర్ ఫ్రేము నడుమ కుంగడం మొదట కనిపిస్తుంది. మూతవేసిన పెట్టెలో, కింది అంతస్తు గదిలో పెట్టి, చాసిస్ మధ్యన చిన్న దిమ్మ ఒకటి ఆసరాగా ఉంచండి.